టేపు ఆగినంక సంతకం

మొన్న మన్నెగూడ చౌరస్తాలో నా స్కూటీ పంక్చరైంది. టైర్ల దుకాణం ముందు స్టూలు వేసి కూర్చోబెట్టారు. పక్కన ఎవరో కారు నాలుగు తలుపులూ బార్లా తెరిచి మ్యాట్లు దులుపుకుంటున్నారు. కారులో ఇంగ్లీషు పాట నడుస్తోంది. మొదట ఒక్క సన్న తీగె, తర్వాత డ్రమ్ములు, ఆ మీద గొంతు బొంగురుపోయిన మగమనిషి. పాట సగం దాటింది. ఆ మనిషి గొంతు పైకి పోయి పోయి ఒక మాట పట్టుకునే చోటికి రాగానే నా చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. అక్కడ టక్కుమని బటన్ లేవాలి, క్యాసెట్ అయిపోవాలి. నాకు తెలిసి ఆ పాట అక్కడి వరకే ఉంది.

కారులో అది ఆగలేదు, ముందుకు పోయింది. తర్వాత ఏమైందో చివర్లో చెబుతాను. ముందు ఆ క్యాసెట్ ఎవరిదో చెప్పాలి. ఆయన పోయి చాలా కాలమైంది. పేరు మాత్రం చెప్పను. చెబితే ఇబ్రహీంపట్నంలో సగం మంది మా ప్లాటు కాయితం ఆయనే రాశాడంటూ బయల్దేరతారు.

ఆయన డాక్యుమెంట్ రైటర్. రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడ వెంట రేకు కింద ఆయన బల్ల, బల్లకు ఆనుకుని నా జిరాక్స్ షాపు. బల్ల మీద స్టాంపు పేపర్లు, సిరా ప్యాడు, వాటి పక్కన నల్లటి టేప్‌రికార్డర్. దాని వైరు నా కిటికీలోంచి లోపలికి వచ్చి నా ప్లగ్గులో ఉండేది. కరెంటు నాది, పాట ఆయనది, తలనొప్పి ఇద్దరికీ ఉమ్మడి అని వచ్చినవాళ్లతో అనేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు. నవ్వాల్సిన చోట కళ్లద్దాలు తీసి అంగీ కొసతో తుడుచుకునేవాడు.

క్యాసెట్ ఒక్కటే. పాత కాలపు గిటార్ల బ్యాండు ఒకటి, వాళ్ల పాటలు. వయసులో ఉన్నప్పుడు సిటీలో ఒక వకీలు దగ్గర టైపు కొట్టేవాడట, అప్పుడు రికార్డింగ్ సెంటర్లో ఖాళీ క్యాసెట్ ఇచ్చి ఎక్కించుకున్నాడట. ఇంగ్లీషు మాటలు సగం అర్థం కావని తనే చెప్పేవాడు. అర్థమైతే కాయితం రాసేటప్పుడు ధ్యాస అటు పోతుందట. లోపలి అట్ట మీద సెంటర్‌వాడు పాటల పేర్లు వరసగా రాసిచ్చాడు. రెండో వైపు చివరి పాటకు మాత్రం పేరు లేదు. అట్ట మీద గీతలు అయిపోయాయి, అందుకే రాయలేదని ఈయన లెక్క. ఆ పేరు లేని పాటే ఈయన ప్రాణం. అది నడుస్తూ నడుస్తూ మధ్యలో టేపు అయిపోయి టక్కుమని ఆగేది. ఆగిన మరుక్షణం ఈయన ముక్కుతో రెండు మూడు స్వరాలు తీసి, పెన్ను మూతతో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టేవాడు. మిగిలిన పాట అంతటితో పూర్తి అన్నట్టు.

అవి సాగర్ రోడ్డు పొడుగునా రంగు రంగుల జెండాలు పాతిన రోజులు. ఎయిర్‌పోర్టు వస్తోంది, రింగు రోడ్డు వస్తోంది అని సిటీ నుంచి ఏసీ బస్సుల్లో మనుషుల్ని తెచ్చి, వెంచర్లు చూపించి, బిర్యానీ పెట్టి పంపేవాళ్లు. నా మిషను రోజంతా వేడి మీదే ఉండేది. అందరిదీ ఒకటే ప్రశ్న, తీసుకోవాల్నా వద్దా అని. ఆ ప్రశ్న తెచ్చి ఈయన ముందు పెట్టేవాళ్లు. ఈయన జవాబు చెప్పేవాడు కాదు. "తూర్పుకు ఏమున్నది?" అని అడిగేవాడు. తర్వాత పడమర, ఉత్తరం, దక్షిణం. నాలుగు దిక్కులా హద్దు నోటితో చెప్పలేనివాడికి కాయితం రాసేవాడు కాదు. ఆ పిచ్చి ఎంతవరకు పోయిందంటే, మా చెల్లెలికి సంబంధం వచ్చిందని చెప్పినప్పుడు కూడా పిల్లగాని ఇంటికి తూర్పున ఎవరుంటారని అడిగాడు. నాకు ఒళ్లు మండింది కానీ, పోయి చూస్తే తూర్పున కల్లు కాంపౌండు ఉంది.

కొనేవాళ్ల సంగతి అది. అమ్మేవాళ్లకు ఇంకో పద్ధతి. కాయితం మొత్తం గట్టిగా చదివి వినిపించి, వెంటనే పెన్ను ఇచ్చేవాడు కాదు. టేప్‌రికార్డర్ బటన్ నొక్కి, క్యాసెట్ రెండో వైపు నడిపించి టీ చెప్పేవాడు. "టేపు ఆగినంక పెట్టు" అనేవాడు. అమ్మే మనిషి ఆ తెలియని భాష పాటలు వింటూ టీ తాగుతూ కూర్చోవాలి. ఎవరితో మాట్లాడాలన్నా అప్పుడే మాట్లాడుకోవాలి. టేపు టక్కుమని ఆగాక ఈయన తన రెండు స్వరాలు తీసి, బల్ల మీద కొట్టి, "సోయిల ఉండే, అన్ని తెల్సే అమ్ముతున్నవ్ గద? ఇగ పెట్టు" అని పెన్ను తిప్పి ఇచ్చేవాడు. వేలిముద్ర వేసినవాళ్ల బొటనవేలు తనే పట్టుకుని కొబ్బరినూనె గుడ్డతో సిరా మరక పోయేదాకా రుద్దేవాడు. నల్ల వేలితో ఇంటికి పోతే అమ్మిన సంగతి పిల్లలు ముందు వేలి మీదే చూస్తారట. ఆ టేపు ఆగేలోపు లేచి వెళ్లిపోయినవాళ్లు కొందరున్నారు. అందుకే బ్రోకర్లు ఈయన పేరెత్తితే ఒంటికాలి మీద లేచేవాళ్లు. అయినా వచ్చేవాళ్లు, ఈయన రాసిన కాయితం మీద తర్వాత తగాదా రాదు కాబట్టి.

ఒకరోజు కందుకూరు వైపు నుంచి ఒక ముసలి రైతును బ్రోకరు వెంటబెట్టుకుని వచ్చాడు. రోడ్డు పక్క పొలం. ముసలాయన టీ తాగి, పాటలన్నీ విన్నాడు. చివరి పాట టక్కుమని ఆగింది. ఈయన స్వరాలు తీసి, బల్ల కొట్టి, పెన్ను చాపాడు. ముసలాయన పెన్ను పట్టుకోలేదు.

"మిగిలిన పాట ఏది?" అన్నాడు.

"లేదు. టేపు గంతే ఉన్నది."

"ఎన్నేండ్ల సంది ఇంటున్నవ్?"

"పాతికేండ్లు అయితుండొచ్చు."

"ఆఖరు తెల్వకుండనే పాతికేండ్లు ఇన్నవా? నన్నేమో అన్ని తెల్సుకొని సంతకం పెట్టుమంటున్నవ్." ముసలాయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆఖరు దొర్కినంక కబురు జెయ్. గప్పుడొచ్చి పెడ్త."

వెళ్లిపోయాడు. బ్రోకరు తల పట్టుకున్నాడు. నేను మిషను ఆపి మరీ నవ్వాను. ఈయన మాత్రం కళ్లద్దాలు తుడవలేదు. ఆ సాయంత్రం దాకా ఇంకో కాయితం ముట్టుకోలేదు.

తర్వాత కొన్నాళ్లకు, ఆఫీసుకు సెలవున్న రోజు, నా షాపు మెట్టు మీద కూర్చుని సంగతి చెప్పాడు. కుడి చెవి ఎప్పుడో పోయిందట. అందుకే ఎప్పుడూ ఎడమ చెవి నా వైపు ఉండేలా తిరిగి కూర్చుంటాడని అప్పుడు తెలిసింది. సిటీ దవాఖానలో చూపిస్తే ఎడమ చెవి కూడా పోతోందని, ముందు సన్న సప్పుళ్లు పోతాయని, తర్వాత మిగిలినవి పోతాయని, ఆపే మందు లేదని చెప్పారట. ఇంట్లో వదినకు, అంటే ఆయన భార్యకు, ఇంకా చెప్పలేదట.

"మొదలు సన్న తీగె మోగుతది గద చెల్లె, గది నీకు ఇనవడ్తున్నదా?" అన్నాడు.

వినపడుతోందన్నాను.

"నాకు మొన్నటి సంది లేదు. పోనియ్. గది పోకముందే ఆఖరు ఒక్కసారి ఇనాలె. గంతే."

అంతకు మించి ఆయన దేన్నీ కోరుకోవడం నేను చూడలేదు. ఊరంతా ప్లాట్ల మీద పడి కొట్టుకుంటుంటే ఈయనకు సొంతంగా ఒక్క ప్లాటు లేదు. ఒక పాట తోక కావాలి, చెవి ఉండగా కావాలి.

సిటీలో ఆ రికార్డింగ్ సెంటర్ ఉన్న చోటుకు పోయి చూసి వచ్చాడు. అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉందట. విషయం బ్రోకరు చెవిన పడింది. బ్రోకరుకు ముసలాయన సంతకం కావాలి, కాబట్టి ఈ పాట ఇప్పుడు వాడికీ కావాలి. పేపర్లో వచ్చిన ప్రకటన ఒకటి కత్తిరించి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ బ్యాండు పాటలు మొదటి నుంచి చివరి దాకా అన్నీ కంప్యూటర్ మీద శుభ్రం చేసి, సీడీలకు ఎక్కించి, ఒక అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారట. రీమాస్టర్ చేసిన బాక్స్ సెట్ అని రాసి ఉంది.

ఇంకొకరైతే పరుగెత్తుకుని పోయి కొనేవాళ్లు. ఈయన ఆ ముక్కను స్టాంపు పేపర్ల కింద పెట్టి వానాకాలమంతా ఆలోచించాడు. రోజూ ఒక అనుమానం. శుభ్రం చేసింది ఎవరు, చేసే హక్కు వాడికి ఎవరిచ్చారు? బ్యాండులో ఒకడు చచ్చిపోయాడని ఎక్కడో విన్నాడు, మరి వాడి వారసులు సంతకం పెట్టారా? పాతదాన్ని కొత్తగా చేయడమంటే రీసర్వే లాంటిదట, రీసర్వేలో ఎవరి గట్టు ఎటు జరుగుతుందో చెప్పలేమట. వినేది పాటే కదా, వాళ్ల ఇంటి గొడవలు మనకెందుకన్నా అంటే నావైపు జాలిగా చూసేవాడు.

"లింకు డాక్యుమెంట్లు సూడకుండ ఎట్ల తీస్కుంట?" అనేవాడు. ఆస్తి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చూపే పాత కాయితాలవి.

నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో సీడీ పెట్టుకునే మిషను కూడా లేదు, అది కూడా కొనాలి. చివరికి వదినే తేల్చింది. చెవి సంగతి అప్పటికి ఆమెకు తెలిసిపోయింది, పక్కింటి దాకా వినపడేలా టేపు పెడుతుంటే తెలియకుండా ఎట్లా ఉంటుంది? నా షాపుకే వచ్చి, కొంటే ఈ దసరాలోపు కొనుమను, లేకపోతే ఆ ముచ్చట బంద్ చెయ్యుమను అని నాకు చెప్పి పోయింది. ఆయన పక్కనే ఉన్నాడు. నాకు చెబితే ఆయనకు చెప్పినట్టే.

నాకు కోఠిలో టోనర్ పౌడర్ కొనే పని ఉంది. ఇద్దరం బస్సులో పోయాం. ఆయనకు కిటికీ సీటు ఇచ్చి, ఎడమ చెవి నా వైపు ఉండేలా చూసుకుని కూర్చున్నాను. దారి పొడుగునా వెంచర్ల జెండాలు చూస్తూ కూర్చున్నాడు. నా పని చూసుకుని, అద్దాల తలుపుల పెద్ద పాటల షాపుకు తీసుకుపోయాను. పెట్టె బరువుగా ఉంది, నల్లగా, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంది. దాన్ని కౌంటర్ మీద బోర్లించి, వెనక సన్న అక్షరాల్లో ఉన్న పాటల పేర్ల మీద పెన్ను మూత ఆనించి ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాడు. ఆస్తి వివరం చదివేటప్పుడు కూడా ఇంతే. క్యాసెట్ అట్ట జేబులోంచి తీసి పక్కన పెట్టుకున్నాడు. అట్ట మీద ఉన్న పేర్లన్నీ పెట్టె మీద దొరికాయి. పేరు లేని పాట ఏదో తేలాలి.

కౌంటర్లో ఉన్నది తల నెరిసిన మనిషి, కళ్లద్దాలకు దారం కట్టుకున్నాడు. పాట ఎట్లా ఉంటుందని అడిగాడు. ఈయన పాడాడు.

చెవుడు మొదలైనవాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. తెల్ల అంగీ, జేబులో మూడు పెన్నులు, కాళ్లకు హవాయి చెప్పులు, ఆ అవతారంతో ఇబ్రహీంపట్నం డాక్యుమెంట్ రైటర్ ఏసీ షాపు మధ్యలో నిలబడి, అర్థం లేని ఇంగ్లీషులో, కళ్లు మూసుకుని, గొంతెత్తి పాట మొత్తం పాడాడు. జీన్స్ ప్యాంట్ల పిల్లలు తిరిగి చూశారు. నేను ఎటూ పోలేక ఆయన పక్కనే నిలబడ్డాను. గొంతు పైకి పోయి పోయి ఆ మాట దగ్గరికి వచ్చాక టక్కున ఆపేశాడు. అలవాటుగా ముక్కుతో స్వరాలు తీసి, పెన్ను మూతతో కౌంటర్ మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

కౌంటర్ మనిషి నవ్వలేదు. అట్ట తీసుకుని ఆ చేతిరాతను కాసేపు చూశాడు.

"సార్, ఇది వాళ్లది కాదు," అన్నాడు. "నేను గూడ రికార్డింగ్ సెంటర్ల పని జేసిన. అడిగిన పాటలు ఎక్కించినంక టేపు మిగుల్తది. ఖాళీ ఇస్తే కస్టమర్ గరమైతడు. అందుకని పక్క మిషన్ల ఏది ఉంటె అది నింపి ఇచ్చేటోళ్లం. టేపు యాడ అయిపోతె ఆడ కట్. పేరు గూడ రాయకపోతుంటిమి."

ఈయనకు వినపడిందో లేదో తెలియలేదు. నన్ను చూశాడు. నేను ఎడమ చెవి దగ్గరికి వంగి, అది వేరే ఎవరిదో అట అన్నా, టేపు నింపడానికి వేశారట అని చెప్పాను. ఎవరిదని అడగమన్నాడు. కౌంటర్ మనిషి తల అడ్డంగా ఊపాడు. అలాంటి బ్యాండ్లు ఆ రోజుల్లో బోలెడు వచ్చి పోయాయట.

ఈయన అట్టను వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కౌంటర్ మనిషికి కూడా మనసు ఆగలేదేమో, ఆ పెట్టెలోదే ఒక పాట మిషనులో పెట్టి చెవులకు పెట్టుకునేవి ఇచ్చాడు. ఈయన విన్నాడు. తీసి నా చెవులకు పెట్టాడు. అన్నేళ్లు నా ప్లగ్గు మీద నడిచిన పాటే అది. కీచు లేదు, గరగర లేదు, ఒక్కొక్క వాయిద్యం విడిగా వినపడుతోంది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

"అవ్, సున్నం మంచిగనే ఏసిన్రు," అన్నాడు.

పెట్టెను రెండు చేతులతో ఎత్తి ఆ మనిషికి తిరిగి ఇచ్చాడు. రాయనని చెప్పి కాయితాలు వెనక్కి ఇచ్చేటప్పుడు కూడా ఇలాగే రెండు చేతులతో ఇస్తాడు.

"అంతా మంచిగనే ఉన్నది. పట్టా క్లియర్. కని నా పొలం ఇందుల లేదు."

తిరుగు బస్సులో నాకే ఎక్కువ బాధగా ఉంది. ఇన్నేళ్లూ విన్నది ఎవరినో, అనుకున్నది ఎవరినో. నెట్ సెంటర్లో వెతికిస్తానని చెప్పాను. తర్వాత వెతికించాను కూడా. పేరు లేకుండా ఏమని వెతుకుతారు? ఇబ్రహీంపట్నం చెరువు కనపడుతుండగా ఆయన నా వైపు తిరిగాడు.

"దాని కోసమే గద చెల్లె మిగిలినోళ్లందర్ని ఇన్న. పట్టా ఎవల్దో తెల్వదు. కబ్జా మాత్రం నాదే."

పండగ తర్వాత ముసలి రైతు తనే వచ్చి ఆఖరు దొరికిందా అని అడిగాడు. దొరకలేదంటే, అయితే నేను కూడా అమ్మను అని నవ్వుకుంటూ పోయాడు. ఆ పొలంలో ముసలాయన బతికి ఉన్నన్నాళ్లూ కాకరకాయ పందిరి ఉంది. తర్వాత కొడుకులు అమ్మారు, కాయితం వేరేవాళ్లు రాశారు.

ఈయన చెవి దవాఖానవాళ్లు చెప్పినట్టే పోయింది. సన్న తీగె తర్వాత పాడే గొంతు పోయింది, చివరికి డ్రమ్ములు. ఏది ఎప్పుడు పోయిందో ఆయనా సరిగ్గా చెప్పలేకపోయాడు. రోజుకు కొంచెం తగ్గింది, అంతే. అయినా టేపు మానలేదు. అమ్మేవాళ్లు వస్తే బటన్ నొక్కి, టీ చెప్పి, టేప్‌రికార్డర్ మూత మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. బటన్ టక్కుమని లేవగానే చేతికి తెలిసేది. అప్పుడు ముక్కుతో స్వరాలు తీసేవాడు. అవి శ్రుతి తప్పి ఎటో పోయేవి. బల్ల మీద దెబ్బ మాత్రం సరిగ్గా పడేది. నేను ఆ వైరు నా ప్లగ్గులోంచి ఎప్పుడూ తియ్యలేదు. ఆయన పోయాక వదిన టేప్‌రికార్డర్ తీసుకుపోవడానికి వచ్చినప్పుడు తనే తీసింది. ఆ ప్లగ్గులో నేను చాలాకాలం ఇంకేమీ పెట్టలేదు.

ఇప్పుడు మన్నెగూడ కారు సంగతి. పాట ఆ మాట దాటింది. నేను స్టూలును కారు వైపు జరుపుకున్నాను. పాతికేళ్లు ఒక మనిషి ఎదురుచూసిన తోక అది, ఏదో ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. అదే మాట మళ్లీ వచ్చింది. మళ్లీ అదే గిటారు, మళ్లీ అదే మాట. తిప్పి తిప్పి అదే పాడుతూ, ఎవరో రేడియో చెవి మెలిపెట్టినట్టు సప్పుడు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోయారు. ముందు సన్న తీగె వినపడకుండా పోయింది, తర్వాత గొంతు, తర్వాత డ్రమ్ములు. ఎక్కడ అయిపోయిందో నాకు తెలియలేదు. సాగర్ రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేసరికి కారులో వేరే పాట వస్తోంది.

టైరు అతను గాలి కొట్టేశాడు, ఇక లేవచ్చు అన్నాడు. నేను లేవలేదు. ఆయన ఉంటే నేరుగా ఇంటికి పోయి చెప్పేదాన్ని. అన్నా, నీకు ఏం తక్కువ కాలేదు, మిగిలింది అంతా నువ్వు విన్నదే అని చెప్పేదాన్ని. చెప్పాలంటే చెవిలో నోరు పెట్టి, వీధంతా వినపడేలా అరవాల్సి వచ్చేది.

అరిచేదాన్నే.